పిన్ని గెలిపించిన వాన పాట

గత నెల ఒక మంగళవారం మూడో పీరియడ్ ముగించుకుని స్టాఫ్ రూములోకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మా ఊళ్లోనే, బర్మామైన్స్ పేట నుంచి భాభీ. మా పుట్టింటి సందులో, పిన్ని ఇంటి గోడకి ఆనుకున్న ఇంట్లో ఉండే బీహారీ ఆవిడ. "దీదీ, పిన్నీ చలీ గయీ," అంది. పిన్ని వెళ్లిపోయింది. నాలుగు రోజులుగా జ్వరం, ఆయాసం. ఆదివారమే ఆస్పత్రికి వెళ్లి చూసి వచ్చాను. ముక్కుకి గొట్టం పెట్టుకుని కూడా, వార్డులో రేడియో పెట్టనివ్వడం లేదని నర్సు మీద నాకు ఫిర్యాదు చేసింది.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. మా అమ్మ ఆవిణ్ణి చెల్లీ అనేది కాబట్టి నాకు పిన్ని. కానీ మా సందులో హిందీవాళ్లకీ, ఒడియావాళ్లకీ, బెంగాలీలకీ కూడా ఆవిడ పిన్నే. అది వరస అని తెలియక చాలామంది ఆవిడ పేరే అదనుకున్నారు. అసలు పేరు ఆస్పత్రి కాగితాల మీద చూస్తే నాకే ఒక క్షణం ఎవరిదో అనిపించింది.

ఇది చదివే మీలో ఇంకా రేడియో వినేవాళ్లు ఎందరున్నారో నాకు తెలియదు. అయినా ఒక పాట గురించీ, ఒక ఓటింగు గురించీ చెప్పాలి. పిన్ని జబ్బు గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఆవిడ గెలుపు గురించి చాలా ఉంది.

పిన్ని పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఉక్కు కర్మాగారం ఊరికి వచ్చింది. బాబాయిది రైల్వే యార్డులో వ్యాగన్ల దగ్గర కాంట్రాక్టు పని. ఆయన పోయేనాటికి కొడుకు ఇంకా స్కూల్లోనే ఉన్నాడు. జాకెట్లు కుట్టి ఆ పిల్లాణ్ణి పెంచింది. ముందుగదిలో తొక్కుడు మిషను, పక్కన గోడకి మేకు, మేకుకి రేడియో. నా చిన్నప్పుడు అది తోలు సంచీలో ఉండే పెద్ద రేడియో. తర్వాత తర్వాత అరచేతిలో పట్టేంత చిన్నదైంది. మేకు మాత్రం అదే. రెండిళ్లలో వంట చేసి అమ్మ తిరిగొచ్చేదాకా నేను బడి నుంచి వచ్చి అక్కడే కూర్చునేదాన్ని. హుక్కులు కుట్టడం అక్కడే నేర్చుకున్నాను. పాట వినడం కూడా.

మంచి పాట వస్తే పిన్ని కాలు ఆగిపోయేది. పల్లవికి కాదు, చరణానికి. పెదాల మధ్య గుండుసూదులు ఉండేవి కాబట్టి నోటితో చెప్పలేక కళ్లతోనే అందర్నీ ఆపేసేది. కొలతలివ్వడానికి చేతులు చాపి నిలబడిన మనిషి అలా చాపుకునే ఉండాలి. పాట అయ్యాక సూదులు తీసి, "పల్లవి అందరూ ఇంటారే. రెండో చరణం దాకా కదలకుండా ఉన్నోళ్లే పాట ఇన్నట్టు," అనేది. నాకు పెళ్లయి ఊళ్లో ఇంకో మూలనున్న కాసిడీహ్ వచ్చి, బడిలో ఉద్యోగంలో చేరాక ఆ మాట నాలుగైదుసార్లు క్లాసులో పిల్లలకి చెప్పాను. నేను మాత్రం రేడియో వినడం మానేశాను.

మా ఊళ్లో ఒక చిన్న రేడియో స్టేషను ఉంది. రోజంతా హిందీ, మధ్యలో కాసేపు సంతాలీ, ఒడియా, బెంగాలీ. ఆదివారం పొద్దున అరగంట తెలుగు. ప్రతి డిసెంబరులోనూ వాళ్లొక ఓటింగు పెడతారు. ఆ సంవత్సరం వచ్చిన పాటల్లో మీకు నచ్చింది ఏది అని. ఓటేసేవాళ్లు ఫోన్ చేసి తమ పేరు, ఉండే చోటు, పాట పేరు తమ గొంతుతో చెప్పాలి. మనిషికి ఒక్క ఓటు. ఏడాది చివరి ఆదివారం మధ్యాహ్నం, పదో పాటతో మొదలుపెట్టి ఒకటో పాట దాకా వరసగా వేస్తారు. అందులో తెలుగు పాట ఎప్పుడూ రాలేదు. రావాలని ఎవరూ అనుకోనూ లేదు.

మూడేళ్ల కిందట అక్టోబరు చివర్లో పిన్ని ఫోన్ చేసింది.

"ఒలే, నువ్వు మన రేడియో ఇంతన్నావా?"

"లేదు పిన్నీ. ఆదివారం పొద్దున ఇంట్లో పనే సరిపోతుంది."

"తెలుగు సదువుకున్నదానివి, నువ్వే ఇననప్పుడు ఇంకొకల్లనేటనాల," అంది. "మన అరగంట తీసేత్తారంట."

మరుసటి ఆదివారం సిగ్గుపడుతూనే బర్మామైన్స్ వెళ్లాను. అక్కడ కుర్చీలో తెలుగు కార్యక్రమం చేసే అమ్మాయి కూర్చుని ఉంది. కంపెనీలో ఇంజనీరు గారి కూతురు. జీతం లేకుండా, ఇష్టం కొద్దీ చేస్తోంది. పిన్ని ఆమెను స్టేషనుకి ఫోన్ చేసి మరీ పిలిపించింది.

"విషయం ఏంటంటే అక్కా," అంది ఆ అమ్మాయి నాతో, "మా పైవాళ్లకి ఓటింగు తప్ప వేరే కొలత లేదు. తెలుగు పాటకి ఎప్పుడూ ఓట్లు పడవు. వినేవాళ్లు లేనప్పుడు అరగంట ఎందుకు అంటున్నారు. ఈసారి కూడా మొదటి పదిలో లేకపోతే జనవరి నుంచి ఆపేస్తారు. నేనేం చెప్పినా వినట్లేదు."

"పదిలో ఒక్కటుంటే సాలా?" అంది పిన్ని.

"చాలు పిన్ని గారూ. కానీ అవతల పెద్ద పెద్ద హిందీ పాటలు."

పిన్ని మిషను మీద ఉన్న గుడ్డ మడతపెట్టింది. "పెద్ద పాటలైతే ఏటి. ఓటేసేది మనుసులే కదా."

ఆ వారంలోనే తెలుగు సంఘం హాల్లో సమావేశం పెట్టించింది. ఇంజనీర్లూ, కాంట్రాక్టు పనివాళ్లూ పక్కపక్కన కూర్చోవడం అక్కడ నేను తక్కువ సార్లు చూశాను. ఆ రోజు కూర్చున్నారు, కూర్చుని దెబ్బలాడుకున్నారు. ఏ పాటకి ఓటెయ్యాలన్నదే గొడవ. ఒక్కొక్కరికి ఒక్కొక్క హీరో. అయిదు పాటల దగ్గర ఆగిపోయారు. ఎవరూ దిగరు. చివరికి కార్యదర్శి గారు లేచి, "పాట ఏదైనా ఓట్ల సంగతి నాకొదిలెయ్యండి. మా తమ్ముడిది మొబైల్ షాపు. సిమ్ములు చాలా ఉన్నాయి. నలుగురు కూర్చుని గొంతులు మార్చి మాట్లాడితే అయిపోతుంది," అన్నారు. కొందరు నవ్వారు. చాలామంది తలూపారు.

పిన్ని వెనక వరసలోంచి లేచింది. మోకాళ్ల నొప్పి వల్ల లేవడానికి టైము పట్టింది.

"బావూ, ఇనేవోళ్లు నేరనే కదా ఆల్లంటన్నారు. మీ సిమ్ములకి సెవులున్నాయేటి? ఇనని ఓటుతో నిలబెట్టిన అరగంట ఎవలికోసం?"

"మరెలా గెలుస్తాం?" అన్నారాయన, కొంచెం కోపంగానే.

"ఇనిపించి," అంది. "మనమే ఓటేత్తే ఎంతమందిమి? తెలుగు రానోళ్లకి కూడా నచ్చాల. ఆ అయిదు పాటలూ నాకియ్యండి. ఏదో నాను సెప్పను. తెలుగు తెలీని మనిసి సెప్పుద్ది."

వింతగా ఉన్నా, దెబ్బలాటకి అలిసిపోయి అందరూ సరేనన్నారు. నేను ఆ అయిదు పాటలూ మెమరీ కార్డులో ఎక్కించి, చిన్న స్పీకరు ఒకటి తీసుకెళ్లాను. పిన్ని భాభీని పిలిచింది. ఏమీ చెప్పకుండా ఒక జాకెట్టు, హుక్కుల పొట్లం చేతికిచ్చి కూర్చోమంది. భాభీ హుక్కులు కుడుతోంది. నేను ఒకటి తర్వాత ఒకటి పాటలు పెట్టాను. మొదటి మూడింటికీ ఆమె తల ఎత్తలేదు. నాలుగోది ఒక చిన్న సినిమాలోది. ఆ సినిమా ఎక్కడా ఆడలేదు, మా ఊరికి రానే లేదు. ఆడగొంతు, వెనక చిన్న డప్పు, అంతే. రెండో చరణం వచ్చేసరికి భాభీ చేతిలో సూది ఆగింది.

"ఇస్ మే బారిష్ హై క్యా?" అంది. ఇందులో వాన ఉందా అని.

ఆ పాట రేకుల కప్పు మీద పడే తొలి వాన గురించే. వాన చప్పుడుకి మొగుడి మాట వినిపించక, అతని పెదాలు చూసి మాట పోల్చుకునే ఒక ఆడమనిషి పాట. భాభీకి అందులో ఒక్క ముక్క తెలియదు. పిన్ని నా వైపు చూసి, "అయిదోది ఎయ్యక్కర్నేదు," అంది. ఆ రోజు నుంచి అది మాకు వాన పాట. రేడియో అమ్మాయి కూడా ఆదివారం ఆ పేరుతోనే వేసింది.

నవంబరు, డిసెంబరు పెళ్లిళ్ల రోజులు. పిన్నికి అసలే ఊపిరాడని పని. ఆ రెండు నెలలూ జాకెట్టు కోసం వచ్చిన ప్రతి మనిషీ చేతులు చాపి వాన పాట విని వెళ్లింది. వంతెన అవతల మాంగో నుంచి వచ్చే బెంగాలీ టీచరు, సల్వార్లు కుట్టించుకునే పంజాబీ ఆవిడ, ఆస్పత్రిలో పనిచేసే సంతాలీ నర్సు, కూరలమ్మే ఒడియా అవ్వ. తన హిందీలో పిన్ని అర్థం చెప్పేది. "టీన్ పే పానీ గిరతా హై, ఆద్మీ బోల్తా హై, సునాయీ నహీ దేతా. సమ్‌జా?" రేకుల మీద నీళ్లు పడతాయి, మొగుడు మాట్లాడతాడు, వినపడదు, తెలిసిందా అని. మా వైపు రేకుల కప్పు లేని ఇల్లెక్కడుంది? అందరికీ అర్థమయ్యేది. ఒకసారి ఆ సంతాలీ నర్సు చేతులు దించేసి, "మా అమ్మానాన్నా ఇలాగే," అని హిందీలో చెప్పి, పాట మళ్లీ పెట్టమంది.

పాట అయ్యాక పిన్ని ఓటు అడిగేది కాదు. "అచ్ఛా లగా?" అని ఒక్క మాట అడిగేది. నచ్చిందంటే, జాకెట్టు తయారయ్యాక మడత మీద గుండుసూదితో ఒక చీటీ గుచ్చేది. దాని మీద స్టేషను నంబరూ, పాట పేరూ హిందీలో ఉండేవి. ఆ చీటీలన్నీ నేను రాసినవే. స్కూల్ నుంచి రాగానే రోజూ కొన్ని రాసేదాన్ని. పదో తరగతి చదివే మా అమ్మాయి తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. అది కూడా పక్కన కూర్చుని రాస్తూ, మూడో రోజుకి పాట మొత్తం నోటికి పాడుతోంది. నేను విననట్టు ఊరుకున్నాను. చూస్తే ఆపేస్తుందని భయం.

ఒకావిడ, సాక్చి బజారులో బట్టల కొట్టువాళ్ల కోడలు, పాటంతా విని నచ్చలేదని చెప్పింది. ఆమెవి ఆరు జాకెట్లు. నేను చీటీ గుచ్చబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఆవిడికి నచ్చనేదని సెప్పింది కదే."

"ఇంట్లో ఇంకెవరైనా వేస్తారేమో పిన్నీ."

"ఆల్లు ఇన్నేదు. తీసెయ్."

తీసేశాను. ఆ సమయంలో నాకు విసుగొచ్చింది. గెలవాలని ఉన్న మనిషి చేసే పనేనా ఇది అనుకున్నాను. పిన్ని మోకాళ్ల నొప్పితోనే, పూర్తయిన జాకెట్లు సంచీలో వేసుకుని, ఆటో ఎక్కి వంతెన దాటి మాంగో వెళ్లి ఇచ్చి వచ్చేది. స్పీకరు కూడా సంచీలోనే. ఒకసారి నేనూ వెళ్లాను. షేరింగ్ ఆటోలో అయిదుగురం ఉన్నాం. పిన్ని పాట పెట్టింది. దిగాల్సిన చోటు వచ్చినా ఒక ముసలాయన దిగలేదు. డ్రైవరు అడిగితే, "రుకో, గానా ఖతమ్ హోనే దో," అన్నాడు, ఆగు, పాట అవనీ అని. పిన్ని ఆయనకి కూడా చీటీ ఇచ్చింది.

ఆ ఏడాది చివరి ఆదివారం మా సందు నిండిపోయింది. పిన్ని రేడియోని మేకు మీంచి తీసి కిటికీలో పెట్టింది. సంఘంవాళ్లు వచ్చారు, కార్యదర్శి గారితో సహా. అందరి ఆశా పదో స్థానం మీదే. వస్తే అక్కడే రావాలి. పదో పాట హిందీది. తొమ్మిదోదీ హిందీదే. ఎనిమిది భోజ్‌పురి. ఏడోదీ మనది కాదు. ఆరోదీ అయిదోదీ అయ్యాక సంఘంవాళ్లు లేచారు. "చేయగలిగింది చేశారమ్మా," అన్నారు కార్యదర్శి గారు మర్యాదగా, చెప్పులేసుకుంటూ. పిన్ని తల ఊపింది. ఆవిడ చేతిలో కాజా కుడుతున్న జాకెట్టు ఉంది. కుడుతూనే ఉంది. నేను ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను. మా అమ్మాయి గోడకి ఆనుకుని నేల చూస్తోంది.

నాలుగు. మూడు. ఆ రెండూ ఆ ఏడాది వీధి వీధినా మోగిన పాటలు.

తర్వాత అనౌన్సరు ఏదో చెప్పబోయి తడబడ్డాడు. కాగితం చప్పుడు వినిపించింది. "దూస్‌రే నంబర్ పర్... వానా... వానా పాటా," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. "ఇది సరిగా చెప్పడానికి మా తెలుగు సాథీని పిలుస్తున్నాను," అన్నాడు హిందీలో. రేడియో అమ్మాయి గొంతు వచ్చింది. ఎప్పుడూ పేపరు చదివినట్టు చదివే ఆ అమ్మాయి ఆ రోజు దాదాపు అరిచినట్టే చదివింది. "రెండో స్థానంలో, మన వాన పాట," అంది.

సందు చివర మాట్లాడుకుంటూ నిలబడ్డ సంఘంవాళ్లు చెప్పులు విప్పకుండానే తిరిగి పరుగెత్తుకొచ్చారు. భాభీ తన ఇంటి రేకు తలుపు మీద రెండు అరచేతులతో దరువెయ్యడం మొదలుపెట్టింది. పాట మొదలైంది. తెలుగు వచ్చినవాళ్లం, రానివాళ్లం, అందరం పాడాం. రెండో చరణం దగ్గర భాభీ చేతులు వాటంతటవే ఆగాయి.

అది అయ్యాక స్టేషనువాళ్లు ఓటేసినవాళ్ల గొంతులు కొన్ని వినిపించారు. అనౌన్సరు అన్నాడు, ఈ పాటకి ఫోన్ చేసినంత రకరకాల మనుషులు ఏ పాటకీ చెయ్యలేదని. ఒక గొంతు "బానా పాటా" అంది. ఒకటి "వో పానీవాలా తెలుగు గానా", ఆ నీళ్ల తెలుగు పాట, అంది. ఒక ముసలాయన, పేరు చెప్పి, మాంగో అని చెప్పి, పాట పేరు మరిచిపోయి రెండు ముక్కలు పాడాడు. ఒక్కొక్క ఆడగొంతు వస్తున్నకొద్దీ పిన్ని కళ్లు మూసుకుని గుర్తుపట్టింది. "ఇది బెంగాలీ టీచరమ్మ. ముప్పై ఆరు, మోచేతుల దాకా సేతులు." "ఇది నర్సు. వెనక మెడ లోతు తక్కువ." పేర్లు ఆవిడకి తెలియవు. కొలతలు తెలుసు. ఆఖరున ఒక గొంతు సాక్చి నుంచి అని చెప్పింది. పిన్ని కళ్లు తెరిచింది. "ఒలమ్మా, ఈవిడికి నచ్చనేదు కదా," అంది. ఆ కోడలే. ఆరు జాకెట్ల కోడలు. చీటీ లేకుండా నంబరు ఎలా పట్టుకుందో తెలియదు. మొదటిసారి నచ్చలేదనీ, తర్వాత ఎందుకో మర్చిపోలేకపోయాననీ ఫోన్లో చెప్పింది. పిన్ని అప్పుడు ఏడ్చింది. గెలిచామన్నప్పుడు కాదు, అప్పుడు.

కార్యదర్శి గారు పిన్ని దగ్గరికి వచ్చి, "మా సిమ్ములతో ఇది వచ్చేది కాదమ్మా," అన్నారు. "మరి కూకో బావూ, టీ తాగు," అంది పిన్ని.

జనవరిలో తెలుగు అరగంట పోలేదు. గంట అయింది. ఆ గంటలో మొదటి కార్యక్రమానికి పిన్నిని స్టేషనుకి పిలిచారు. నేను తోడు వెళ్లాను. గాజు అద్దం వెనక, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పవిటకి గుచ్చిన సూది తీయడం మర్చిపోయి కూర్చుంది. "మీరు శ్రోతలకి ఏం చెబుతారు పిన్ని గారూ?" అని అడిగింది ఆ అమ్మాయి. పెద్ద మాటలు చెబుతుందేమో అనుకున్నాను. "మీ పాటలు కూడా నాకు ఇనిపించండి," అంది హిందీలో. "నాకూ సెవులున్నాయి."

వినిపించారు. ఆ తర్వాత రెండేళ్లూ డిసెంబరులో పిన్ని వేసిన ఓట్లు ఒకటి సంతాలీ పాటకి, ఒకటి ఒడియా పాటకి. తెలుగు పాటకి ఓటెయ్యలేదేమని నేను అడిగాను. "మనకి ఇప్పుడు శానామంది ఉన్నారు కదే. ఆల్లకి ఒకలుండాల," అంది. రెండు సార్లూ రెండో చరణం దాకా వినే వేసిందని నాకు తెలుసు. నేనూ ఇప్పుడు అలాగే వింటున్నాను. ఆదివారం పొద్దున మా ఇంట్లో ఆ గంట ఎవరూ మిక్సీ వెయ్యరు. ఆవిడ నాకిచ్చినవాటిలో ఇది పెద్దది.

ఆ మంగళవారం బడి నుంచి నేరుగా బర్మామైన్స్ వెళ్లాను. నేను చేరేసరికి సందులోకి ఆటో వెళ్లే దారి లేదు. రెండు వైపులా గోడలకి ఆనుకుని ఆడవాళ్లు. కొడుకూ, మనవలూ పాడె ఎత్తారు. పిన్ని బయటికి వస్తుంటే, ఆ చివర నుంచి ఈ చివర దాకా అందరూ చేతులు పైకెత్తి, తలల మీద జోడించి దండం పెట్టారు. ఎర్రవీ, పచ్చవీ, నీలివీ, వాయిల్, పట్టు, అన్నీ ఆవిడ కుట్టిన జాకెట్లే. పెద్ద దర్జీల దగ్గర కుట్టించినా చెయ్యి పైకెత్తితే చంక కింద గుడ్డ లాగుతుంది, భుజం మీద ముడత పడుతుంది. అంత పొడుగు సందులో, అన్ని ఎత్తిన చేతుల్లో, ఒక్కచోట కూడా గుడ్డ లాగలేదు.